ఎర చెట్లు

తమ్ముడి మాట మీద ఈశ్వరమ్మకు ఎంత గురి అంటే, చేనులో ఆముదాలు పెడదామని అతనంటే ఎందుకు తన చేనులోనే అని కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మోతెలో ఆ చెలక ఆమెకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. కాపురమేమో నడిగూడెంలో. వీలైనప్పుడల్లా ఆటోలో వచ్చి పత్తి చూసుకుని పోతుంది. గట్టుకు అవతల తమ్ముడు దామోదర్ పత్తి.

లద్దెపురుగుకు నోరు కట్టుకోవడం తెలియదు. పత్తి, మిరప, పల్లి, పొగాకు, ఏది దొరికితే అది మేస్తుంది. కానీ దాని తల్లి, ఆ రెక్కల పురుగుకు ఆముదపాకంటే ప్రాణం. గుడ్లు పెట్టడానికి ముందు దాన్నే వెతుక్కుంటుంది. అందుకే ఆముదాన్ని ఎర పంటగా వేస్తారు. దామోదర్ కోదాడ నుంచి విత్తనాలు తెచ్చి, అక్క చేనులో గట్టు పొడుగునా తానే పెట్టాడు. గుడ్లున్న ఆకులు తెంపి కాల్చే పనీ తనదే అన్నాడు.

"నువ్వు ముట్టకక్కా. ఆకు కదిలిస్తే పురుగులు చేనంత పడతయ్."

ఇలాంటి తమ్ముడు ఎవరికుంటాడని ఈశ్వరమ్మ నడిగూడెంలో ఇంటింటికీ చెప్పుకుని మురిసింది.

ముసురు పట్టి కొన్నాళ్లు రాలేకపోయింది. తెరపిచ్చాక వచ్చి చూస్తే ఆముదం చెట్లకు ఈనెలే మిగిలాయి. కొమ్మలకు పట్టుకున్నవి పోగా మిగతా పురుగులు ఆమె పత్తిలోకి దిగి ఆకులు జల్లెడ చేస్తున్నాయి. అవతల తమ్ముడి పత్తి మాత్రం నవనవలాడుతోంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాపం ఏ పనిలో ఉన్నాడో అనుకుంది పిచ్చిది. చెట్లన్నీ కుప్పేసి కాలుద్దామని, కొడవలి తీసి ఒక ఆముదం చెట్టు నరికింది.

ఫోనెత్తని దామోదర్ తన చేనులోంచే పరుగున వచ్చాడు.

"కొట్టకక్కా. ఆ చెట్లు పోతే పురుగంత నా చేన్లకొస్తది."

అనేసి నాలుక కరుచుకున్నాడు. మందు తానే కొట్టిస్తానని మాట మార్చాడు. పరాయివాడు చేసి ఉంటే ఈశ్వరమ్మకు ఇంత మండేది కాదు.

"ఆముదమే ఎర అనుకున్న తమ్మీ. నా చేనే ఎర అనుకోలే."

మిగిలిన చెట్లు కూడా నరికింది. కానీ కుప్ప వెయ్యలేదు. పురుగులతో సహా ఒక్కో కొమ్మా గట్టు అవతల పడేసింది.