సూదిబెజ్జంలో ఆరు నెలలు

నేను ఒక పాలపొడి డబ్బాను. నా కడుపులో పాలపొడి ఉన్నది పట్టుమని నెల్లాళ్ళే. తర్వాత పదకొండేళ్ళు టీపొడి మోశాను, ఆపైన ఆరు నెలలు సూర్యుణ్ణి మోశాను. అయినా మార్కాపురంలో నన్నెరిగిన నలుగురూ ఇప్పటికీ ‘పాలడబ్బా’ అనే అంటారు. మనుషులు అంతే. ఒకసారి పేరు పెట్టేశాక, ఎదుటివాడు ఆ తర్వాత ఏమయ్యాడో చూసుకునే తీరిక వాళ్ళకుండదు.

ఎక్కడో ఒక మర రేకును చుట్టి, అతుకు వేసి, అడుగు బిగించి, నిమిషానికి ఇన్నని మమ్మల్ని కని పారేసింది. ఒంటి మీద బొద్దుగా నవ్వే పసిబిడ్డ బొమ్మ అచ్చేశారు. నన్ను మొదట కొన్నది కాంతమ్మ అనే దర్జీ. ఆమె పిల్ల పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేది. నా మీది బొమ్మను చూసినప్పుడల్లా కాంతమ్మ ముఖం వాడిపోయేది. నన్ను గోడవైపు తిప్పి పెట్టేది. పిల్ల తేరుకుని, గుజ్జన్నం తినే రోజు వచ్చాక, ఖాళీ అయిన నన్ను కడిగి తుడిచి పొరుగింటి కాసింబీకి ఇచ్చింది.

కాసింబీ భర్త నూర్‌బాషా దస్తగిరికి బస్టాండు వెనక ‘తారా ఫోటో స్టూడియో’ ఉండేది. లోపల తెర మీద నెలవంక, చుక్కలు వేయించాడు. ప్లైవుడ్డుతో ఒక రాకెట్టు చేయించాడు. ఊళ్ళో ఒక తరం పిల్లలంతా ఆ రాకెట్టులో కూచుని, కాటుక చెరిగిపోయేలా ఏడుస్తూ ఫోటోలు దిగారు. దస్తగిరికి ఆకాశమంటే అంత పిచ్చి. పెళ్ళి రీలులో చివర రెండు ఫ్రేములు మిగిలితే ఇంటికొచ్చి మేడెక్కి చంద్రుణ్ణి తీసేవాడు. ఒకసారి పొరపాటున ఆ ఫోటో పెళ్ళివాళ్ళ ఆల్బములోకే పోయింది. తాళిబొట్టుకీ అప్పగింతలకీ మధ్య చంద్రుడున్నాడు. పెళ్ళికూతురి తండ్రి చాలాసేపు చూసి, “ఈయన మగపెళ్ళివారి తరపా?” అని అడిగాడట.

ఫోన్లు వచ్చి స్టూడియోను మూయించాయి. దానికి దస్తగిరి పెద్దగా బాధపడలేదు. కళ్ళు మూసుకుపోవడం మొదలయ్యాకే మనిషి మాట తగ్గించాడు. నీటికాసులన్నాడు ఒంగోలు డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలనీ చెప్పి చుక్కల మందు రాశాడు. చూపు పక్కలనుంచి మూసుకుంటూ వచ్చింది. ఎదురుగా ఉన్న కాసింబీ ముక్కు కనపడితే చెవులు కనపడవు. చదవలేడు కాబట్టి పొద్దస్తమానం రేడియో వింటూ కూచునేవాడు.

ఆ రేడియోలోనే ఒక మధ్యాహ్నం ఎవరో సైన్సు మాస్టరు చెప్పాడు. డబ్బాకు సూదితో చిన్న బెజ్జం పెట్టి, లోపల ఫోటోలు అచ్చువేసే పాతకాలపు కాగితం అమర్చి, కదలకుండా ఆరు నెలలు ఆరుబయట ఉంచితే, సూర్యుడు రోజూ నడిచిన దారి దాని మీద గీతగా పడుతుందట. దస్తగిరి దగ్గర ఆ కాగితం సగం ప్యాకెట్టు మిగిలే ఉంది. ఆయన లేచి, తడుముకుంటూ వంటింట్లోకి వచ్చి, నాలోని టీపొడిని పేపరు పొట్లంలోకి వంచాడు.

“ఏందయ్యా, టీపొడి పొట్లంలో పోసినావు?” అంది కాసింబీ.

“డబ్బా కావాలి కాసీ.”

“దేనికి?”

“సూర్యుడికి.”

“కళ్ళతోపాటు మతి గూడా పోతుండాదా ఏంది నీకు?” అనేసింది. అనేశాక నాలిక కరుచుకుంది. ఆయన నన్ను ఆమె చేతిలో పెట్టాడు. “బెజ్జం పెట్టాలంటే నా కళ్ళు ఆనవు. నువ్వే పొడవాలి” అన్నాడు.

ఆమె పొడిచింది. అన్ని సూదుల్లోకీ సన్నది వెతికి తెచ్చి, నాకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు మెల్లగా తిప్పుతూ పొడిచింది. లోపలంతా నల్లరంగు పూసింది. కాగితం అమర్చడానికి మాత్రం ఆయన నన్ను కిటికీలేని స్నానాలగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ చీకట్లో ఆయనకీ చూపున్నవాళ్ళకీ తేడా లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ పని చేసిన వేళ్ళు, ఒక్కసారి కూడా తడబడలేదు.

డబ్బాను నిలబెట్టి దక్షిణం వైపు తిప్పమని రేడియోలో చెప్పారు. దస్తగిరి ఒప్పుకోలేదు. “ఆయన ఏ చలిదేశం పుస్తకం చదివినాడో! ఆడ సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు. మనకు ఎండాకాలం నడినెత్తినెక్కి కూచుంటాడు గదా” అన్నాడు. అందుకని డిసెంబరు ఇరవై రెండున కాసింబీ నన్ను మేడ మీద నీళ్ళట్యాంకు దిమ్మె పైన వెల్లకిలా పడుకోబెట్టి, బెజ్జాన్ని కొద్దిగా దక్షిణానికి వాల్చి, ఇనుపతీగతో బిగించి కట్టింది. ఆరుబయట మంచమేసుకుని ఆకాశం చూసే మనిషిలా పడుకున్నాను. పగలల్లా సూర్యుడు నా మీదుగా నడిచేవాడు. నేను చేసింది పడి ఉండడమే.

కానీ మనుషుల మధ్య ఊరికే పడి ఉండడం అంత సులువు కాదు. పక్క మేడ వెలుగొండయ్య బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. టికెట్టు లేని వాణ్ణి వెతికే చూపు ఇంకా పోలేదు. ఏప్రిల్లో ఒక ఉదయం నన్ను చూశాడు. తన కోడళ్ళు బట్టలారేసే మేడ పక్కన బెజ్జమున్న డబ్బా! నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. హెడ్ కానిస్టేబులు గురవయ్య మెట్లెక్కి వచ్చాడు.

“ఏందమ్మా ఇది? కెమెరా అంటుండాడు పక్కాయన.”

“కెమెరానే సార్” అంది కాసింబీ.

వెలుగొండయ్య గోడ అవతలనుంచి, “చూడండి, ఆమే ఒప్పుకుంటుండాది!” అని అరిచాడు.

“మూత తీ, చూద్దాం” అన్నాడు గురవయ్య.

కాసింబీ నా మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది. “తీస్తే చెడిపోతది సార్. నాలుగు నెలల సూర్యుడుండాడు దీంట్లో. మా ఆయన కళ్ళు పోతుండాయి. ఈ బొమ్మ చూసేదాకా చూపు నిలిస్తే చాలని చుక్కలేసుకుంటా కూచునుండాడు కింద. వెలుతురు తగిల్తే కాయితం నల్లగా మాడిపోతది. తీయాలంటే తీయండి. ఆయనకు మాత్రం మీరే పోయి చెప్పండి.”

గురవయ్య కాసేపు మీసం దువ్వుకున్నాడు. తర్వాత వంగి బెజ్జానికి కన్ను ఆనించాడు. ఆ నిమిషం సూర్యుడికి బదులు నాకు ఒక హెడ్ కానిస్టేబులు కన్ను దర్శనమిచ్చింది. చీకటి తప్ప ఆయనకేమీ కనపడలేదు. “మరి పక్క మేడ మీద తిరిగేవాళ్ళు దీంట్లో పడరా?” అని అడిగాడు.

“నడిచే మనిషి దీనికి ఆనడు సార్. నెలల తరబడి కదలకుండా నిలబడితేనే పడతాడు.”

గురవయ్య గోడవైపు తిరిగాడు. “ఏమయ్యా పెద్దాయనా, మీ కోడళ్ళు నెలల తరబడి కదలకుండా నిలబడతారా?”

“ఒక్క నిమిషం నిలబడరు సార్” అన్నాడు వెలుగొండయ్య, తన బాధ తనకు గుర్తొచ్చి. కేసు అక్కడితో ముగిసింది.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది, వడగళ్ళతో. తీగ ఒకవైపు సడలింది. నేను ఒక్క అంగుళం పక్కకు జరిగితే గీతలన్నీ కలగాపులగమైపోతాయి. కాసింబీ తల మీద చాట బోర్లించుకుని మేడెక్కింది. తీగ బిగించడానికి రెండు చేతులూ కావలసి వచ్చి చాట వదిలేసింది. వాన తగ్గేదాకా నన్ను పట్టుకుని అలాగే నిలబడింది. కిందికి దిగేసరికి చేతుల మీద వడగళ్ళ దెబ్బలు కమిలిపోయి ఉన్నాయి. భర్తకవి కనపడలేదు, ఆమె చెప్పలేదు.

జూన్ ఇరవై ఒకటి దాటాక నన్ను దించారు. ఆ కాగితానికి ఒక చిక్కుంది. దాన్ని మందుల్లో కడగకూడదు. కడిగితే గీతలు పోతాయి. కడగకుండా వెలుతుర్లో పెట్టినా మాడిపోతాయి. అంటే చూసిన కొద్దీ చెరిగిపోయే బొమ్మ. ఒక్కసారి స్కానింగు తీయించి కంప్యూటర్లో దాచుకోవడమే దారి.

“ఆరు నెలలు కాచుకున్నది నువ్వు. ముందు ఒక్క చూపు చూసుకోరాదా?” అంది కాసింబీ.

“నేను చూస్తే నాతోనే అయిపోతది. యంత్రం చూస్తే అందరికీ ఉంటది” అన్నాడు దస్తగిరి.

బెజ్జానికి నల్లటేపు అంటించి, నన్ను సంచీలో పెట్టుకుని ఇద్దరూ నెట్‌ సెంటరుకు వెళ్ళారు. దాన్ని నడిపే అమ్మాయి పేరు నాగవేణి. తలుపుకు దుప్పటి కట్టి, లైట్లార్పి, నా మూత తీశారు. దస్తగిరి కాగితాన్ని వేళ్ళతో తీసి, బొమ్మ పడిన వైపు కిందికి పెట్టి, స్కానరు మీద పరిచాడు.

“ముందు శాంపిలు చూసుకుందామా తాతా?”

“వద్దమ్మా. దాని దీపం ఒక్కసారే తగలాలి. నేరుగా తీసేయ్.”

ఆమె మీట నొక్కింది. పచ్చటి దీపం ఈ చివరనుంచి ఆ చివరకు నింపాదిగా పాకింది. మొదట తెర మీద మట్టిరంగు మసక తప్ప మరేమీ లేదు. కాసింబీ ముఖం చూడలేకపోయాను. నాగవేణి రంగులు తిరగేసింది, కాస్త వెలుగు పెంచింది.

అప్పుడు కనపడ్డాయి. అంచునుంచి అంచు దాకా, విల్లులా వంగిన సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి. ఒక మూల నీటి మరక. అక్కడక్కడా తెగిన గీతలు, కొన్నిచోట్ల గీతే లేని ఖాళీలు.

“అయ్యో, ఇవి పాడైనాయా తాతా?”

“కాదమ్మా. అవి మబ్బు పట్టిన రోజులు.”

ఆయన తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. మొత్తం ఒకేసారి ఆయన చూపులో పట్టదు. ఎడమ అంచున మొదలుపెట్టి, ఒక్కో గీతనూ పట్టుకుని, తల మెల్లగా కుడికి తిప్పుతూ చూశాడు. మళ్ళీ వెనక్కి వచ్చి తర్వాతి గీత. గంట పట్టింది. ఈ మధ్యలో ఇద్దరు ఆధార్ జిరాక్సుకు వచ్చారు. నాగవేణి వాళ్ళను తర్వాత రమ్మంది.

“మీ నాయన దూదేకే విల్లు నారి లాగుండాయి” అంది కాసింబీ, వెనకనుంచి.

ఆయన తల ఊపాడు. చెంపలు తడిసి ఉన్నాయి.

ఆ బొమ్మ అచ్చు తీయించి ఇంట్లో తగిలించారు. వెలుగొండయ్య వచ్చి, అద్దాలు సవరించుకుని చూసి, “మా మేడ ఇంకో అంతస్తు ఎత్తు గదా, ఆణ్ణించి తీస్తే ఇంకా బాగా వస్తదేమో” అన్నాడు. ఆ శీతాకాలం ఆయన మేడ మీదా ఒక డబ్బా వెలిసింది.

నాకు మాత్రం ఆ పని అదే ఆఖరు. వడగళ్ళవాన నీళ్ళు లోపలికి దిగి, బెజ్జం చుట్టూ తుప్పు పట్టింది. బెజ్జం పెద్దదైతే ఇక కెమెరా కాదు, చిల్లు డబ్బా. కాసింబీ నన్ను పారేయలేదు, కిటికీలో పెట్టింది. కొత్త డబ్బా మేడెక్కింది. అది దిగివచ్చే జూన్ నాటికి దస్తగిరికి పగలు, రాత్రి అన్న తేడా తప్ప ఇంకేమీ తెలియడం లేదు. కొత్త బొమ్మ వచ్చింది. ఆయన చేతిలో పెట్టారు. నున్నటి కాగితం. కాసేపు నిమిరి, తిరిగి ఇచ్చేశాడు.

మర్నాడు కాసింబీ ఒక పాత దుప్పటి పరుచుకుని, పక్కన ఆ బొమ్మ పెట్టుకుని, ముదురు పసుపుపచ్చ దారంతో కుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో రోజుకీ ఒక్కో వరస. మబ్బు పట్టిన చోట దారం ఆపి, కాస్త వదిలి, మళ్ళీ మొదలుపెట్టేది. రెండు నెలలు కుట్టింది. ఒక ఉదయం ఆ దుప్పటి తెచ్చి ఆయన ఒళ్ళో పరిచి, చూపుడువేలు పట్టుకుని మొదటి గీత మీద పెట్టింది.

ఆయనకు అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. వేలు గీతల వెంట వెళ్ళింది. “ఇది సంక్రాంతి దాటినాక... ఈడ మబ్బు... ఇయ్యి శివరాత్రి ఎండలు...” అంటూ ఆరు నెలలూ చదువుకుంటూ పోయాడు. చివరి వరస సగంలో వేలు ఆగింది.

“ఈ రోజు సూర్యుడు మధ్యాహ్నం నించి రానే లేదే కాసీ. అంత మబ్బు పట్టిందా?”

“వచ్చినాడులే. నా దారమే అయిపోయింది.”

ఆయన నవ్వాడు. ఏడాది తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వడం విన్నాను. “అయితే తెచ్చుకో పో. పాపం, సూర్యుణ్ణి నడిమధ్యలో నిలబెట్టేసినావు” అన్నాడు. కాసింబీ చెప్పులేసుకుని అంగడికి బయలుదేరింది.