ఓడీల్ వెర్డెన్ ఎక్కలేని ఇల్లు

రాష్ట్ర ప్రభుత్వం కట్టించిన కొత్త ఇల్లు ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఓడీల్ వెర్డెన్ ఒకటే మాట చెప్పేది.

"బాగుంది. కొంగలు కాపురం పెట్టుకోవచ్చు."

పాత ఇల్లు పాయ ఒడ్డున, రోడ్డుకి రెండడుగుల ఎత్తులో ఉండేది. హరికేన్ వచ్చి దాని పైకప్పునీ మూడు గోడల్నీ ఊడదీసి గడ్డిమడుగుల్లోకి విసిరేసింది. అదే స్థలంలో లేచిన కొత్త ఇంటిని చూడాలంటే రోడ్డు మీద నిలబడి మెడ వెనక్కి వంచాలి. లావుపాటి స్తంభాల మీద, రొయ్యల పడవ మీది నిలువు కొయ్య అంత ఎత్తున కూర్చుంది అది. దానికి రెండు మలుపులు తిరిగే మెట్లు. అవి ఎన్నో ఓడీల్ లెక్కపెట్టలేదు. ఎక్కనివాళ్ళకి లెక్కెందుకు? భర్త క్లోవిస్ పడవ మీద ఒక జీవితమంతా నిలబడి రొయ్యలు ఏరి ఏరి ఆమె మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. చర్చి గుమ్మం ముందున్న మెట్టు ఎక్కడానికే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి.

ఈ మాట ఆమె దాచుకోలేదు. స్తంభాలు పాతిన రోజే చెప్పింది. పునర్నిర్మాణ పథకం తరఫున రాజధాని బాటన్ రూజ్ నుంచి వచ్చే ప్రెస్టన్ హార్ప్ అనే ఆయన నవ్వుతూ విన్నాడు.

"అంతా మీ క్షేమం కోసమే మిస్ ఓడీల్. ఇక తుఫాను నీళ్ళు ఇంట్లోకి రాలేవు."

"నీళ్ళు రాలేవు, సరే. నేనెలా వస్తాను?"

"లిఫ్ట్ పెడతాం కదా. అది రెండో దశ."

"రెండో దశ ఎప్పుడు?"

"మొదటి దశ అయ్యాక."

"మొదటిది ఎప్పుడవుతుంది?"

"మీరు ఇంట్లో దిగాక."

ఓడీల్ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. అతను వేళాకోళం ఆడటం లేదు. మంచి మనిషి కూడాను. వచ్చినప్పుడల్లా ఆమె కుక్కని నిమిరేవాడు, ఆరోగ్యం అడిగేవాడు. అతని మంచితనం వల్ల మెట్లు ఒక్కటీ తగ్గలేదు.

అప్పటిదాకా ఆమె కాపురం ప్రభుత్వం అరువిచ్చిన తెల్లటి ట్రైలర్‌లో. ఎండాకాలం అందులో మనిషి ఉడికేది, వాన పడితే మాట వినపడేది కాదు. ఇంటి తాళాలు చేతికివ్వగానే ఆ ట్రైలర్ తీసుకుపోతారని అందరికీ తెలుసు. పథకం వాళ్ళ దృష్టిలో ఆమెకి ఇల్లు వచ్చేసినట్టే.

రోడ్డుకి అవతల ఎర్లీన్ ఉండేది. క్లోవిస్ చెల్లెలు, ఓడీల్‌కి ఆడపడుచు. పథకం మనిషి వాకిట్లోకి వస్తే "నేను మనిషిని, పావురాన్ని కాదు" అని తలుపు వేసుకుంది. ఆమె కొడుకు నోలన్, అతని పడవ మీది కుర్రాళ్ళు కలిసి కొట్టుకొచ్చిన చెక్కలు ఏరి, కొన్ని కొని, పాత ఇంటినే నిలబెట్టారు. ఒక గోడ పచ్చన, ఒక గోడ తెల్లన, పైకప్పు మీద సగం నీలం పట్టా. ఇల్లు నేలబారున ఉంది. వాకిట్లోంచి లోపలికి ఒక్క అడుగు.

వదినా ఆడపడుచులకి మాటల్లేవు. కొన్నేళ్ళ కిందట క్లోవిస్ పోయినప్పుడు అంత్యక్రియల భోజనానికి వంట బాధ్యత ఎర్లీన్ తీసుకుంది. గంబో అనే రొయ్యల పులుసు కాచింది. అందులో వేసింది సూపర్‌మార్కెట్‌లో సంచీలో దొరికే విదేశీ రొయ్యలు. బతుకంతా రొయ్యలు పట్టిన మనిషి శవపేటిక పక్కన! ఓడీల్ ఆ గిన్నెని వచ్చినవాళ్ళందరి ముందూ పెరట్లో కుమ్మరించింది. ఆ రోజు నుంచి ఎర్లీన్ రోడ్డు దాటలేదు.

తాళాలిచ్చే రోజు మాత్రం దాటింది. ఓడీల్ ఎలా ఎక్కుతుందో చూసి నవ్వుకుందామని వచ్చింది. ఆ సంగతి తర్వాత ఆమే చెప్పుకుంది.

హార్ప్ కొత్త టై కట్టుకొచ్చాడు. కెమెరా పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది. మెట్ల పైన ఎర్ర రిబ్బను కట్టారు. ఓడీల్ కింద స్తంభాల నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"పైకి రండి మిస్ ఓడీల్, ఒక్క ఫొటో."

"ఫొటో కావాలంటే ఇంటిని కిందికి దించండి."

"మెల్లగా ఎక్కుదురుగాని. మేం పట్టుకుంటాం."

"ఎక్కించేది మీరు. రేపు పొద్దున చర్చికి దించేదెవరు, మీ గవర్నరా?"

కెమెరా అమ్మాయి బతిమాలింది. వరండాలో ఇంటావిడ నిలబడ్డ ఫొటో లేకపోతే ఫైలు ముగియదట. ఫైలు ముగియకపోతే ఆమెని మళ్ళీ పంపుతారట.

"నీకు కావాల్సింది ముసల్ది. అంతేగా?" అంది ఓడీల్, గేటు దగ్గర నిలబడ్డ ఎర్లీన్ వైపు గడ్డం చూపించి. "అదిగో, పనీపాటా లేని ముసల్ది. ఫొటోలంటే పడిచస్తుంది."

ఎర్లీన్ ఆ మాటకి వెనక్కి తగ్గే రకం కాదు. జుట్టు సవరించుకుని, గౌను దులుపుకుని, కమ్మీ పట్టుకుని చకచకా ఎక్కేసింది. హార్ప్ గొంతు సవరించుకున్నాడు, గడియారం చూసుకున్నాడు, ఆమె వెనకే ఎక్కాడు. రిబ్బను కత్తిరించారు. ఫొటో తీశారు. పై వారం జిల్లా పత్రికలో ఆ ఫొటో పడింది. 'సొంత గూటికి చేరిన ఓడీల్ వెర్డెన్' అని కింద రాశారు.

ఫొటో అయ్యాక ఎర్లీన్ వెంటనే దిగలేదు. వరండా చివర నిలబడి దక్షిణంగా చూస్తూ ఉండిపోయింది. దిగొచ్చేసరికి ఆమె మొహంలో నవ్వు లేదు.

"వదినా," అంది. అన్నేళ్ళ తర్వాత అదే మొదటి మాట. "పైనుంచి సముద్రం కనిపిస్తోంది."

"కళ్ళజోడు మార్చుకో. సముద్రం ఎక్కడో ఉంది."

"ఎక్కడో లేదు. మన చిన్నప్పుడు పశువులు మేసిన బీడు లేదూ? అక్కడుంది."

ఓడీల్ కుర్చీని దక్షిణం వైపు తిప్పుకుంది.

మర్నాడే ట్రక్కు వచ్చి ట్రైలర్‌ని లాక్కుపోయింది. అలాంటి పనులకి ఏ దశలూ అడ్డురావు. నోలన్ ఆమె సామాను, చర్చి వాళ్ళిచ్చిన సోఫాతో సహా, పైకి చేర్చాడు. మంచం మాత్రం స్తంభాల మధ్య వేయించుకుంది ఓడీల్. గ్యాసు పొయ్యి, కుర్చీ, చుట్టూ దోమతెర. తన ఇంటి కింద తనే పరాయిదానిలా కాపురం పెట్టింది. లిఫ్ట్ సంగతి అడగడానికి నోలన్ ఫోన్ చేస్తే, రెండో దశకి కొత్త అధికారి రావాలి అన్నారు. మళ్ళీ చేస్తే, వచ్చినాయన బదిలీ అయ్యాడు అన్నారు.

"మా ఇంట్లో పడుకో వదినా, వాన జల్లు కొడుతోంది," అని ఎర్లీన్ రోడ్డు మీద నుంచే కేకేసింది ఒక సాయంత్రం.

"ఆ రొయ్యలున్న ఇంట్లో నేను పడుకోను."

"అయితే తడువు."

తడిసింది. దగ్గు పట్టుకుంది. పంతం పోలేదు.

ఎండలు తగ్గే రోజుల్లో తనిఖీ అధికారి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టాబ్లెట్. పథకం ఇంట్లో సొంతదారే ఉంటున్నారా, వేరేవాళ్ళెవరైనా దిగారా అని చూడటం అతని పని. ఓడీల్ పీతలు శుభ్రం చేస్తోంది.

"ఓడీల్ వెర్డెన్ గారున్నారా?"

"నేనే."

అతను టాబ్లెట్ చూశాడు. ఆమెని చూశాడు. మళ్ళీ టాబ్లెట్ చూశాడు.

"కాదమ్మా. ఆవిడ ఫొటో నా దగ్గరుంది."

"ఫొటో నీ దగ్గరుంటే ఏం? ఒళ్ళు నా దగ్గరుంది."

"అమ్మా, ఇది సరదా విషయం కాదు. సొంతదారు కాకుండా వేరేవాళ్ళు ఉంటే ఇల్లు వెనక్కి తీసుకుంటారు. మీరెవరు?"

ఓడీల్‌కి ఒళ్ళు మండింది. పుట్టినప్పటి నుంచీ ఈ పాయ నీళ్ళు చూస్తున్న మనిషిని పట్టుకుని, నువ్వు నువ్వు కాదని చెప్పడానికి అంత దూరం నుంచి కారేసుకొచ్చాడు వీడు. నిజం చెప్తే ఏమవుతుందో కూడా ఆమెకి ఆ క్షణంలోనే అర్థమైంది. ఫొటో ఎందుకు మారిందని విచారణ మొదలవుతుంది. దానికి మొదటి దశ, రెండో దశ ఉంటాయి.

అప్పుడే ఎర్లీన్ రోడ్డు దాటి వస్తోంది, దగ్గుకి ఏదో కషాయం పట్టుకుని.

"అదిగో వస్తోంది మీ ఓడీల్," అంది ఓడీల్. "నేను దాని ఆడపడుచుని. ఎర్లీన్ అంటారు." ఆమె వైపు తిరిగి గొంతు పెంచింది. "ఏం ఓడీల్ వదినా, ఇంతసేపా? నీ ఇల్లు చూడ్డానికి పెద్దమనిషి వచ్చాడు."

ఎర్లీన్ ఆగింది. ఒకసారి వదినని, ఒకసారి ఇస్త్రీ చొక్కాని చూసింది. చేతిలో గిన్నె బల్ల మీద పెట్టింది.

"రా బాబూ, పైకి రా," అంది. "నా గురించి చెప్పే ఉంటారుగా. చాలా నోటి దురుసు మనిషిని. అంత్యక్రియల భోజనం కూడా తిననివ్వకుండా నేలపాలు చేసే రకం."

"ఎంత మాట, మా వదిన బంగారం," అంది ఓడీల్ పీత డొల్ల విరుస్తూ. "నేనే పిసినారి దాన్ని బాబూ. సొంత అన్న పోతే సంచీ రొయ్యలతో సరిపెట్టాను. నాలాంటిది ఈ జిల్లాలో ఉండదు."

"కొనడానికి ఆ వారం మంచి రొయ్యలు దొరకలేదు పాపం ఎర్లీన్‌కి," అంది ఎర్లీన్ మొదటి మలుపు దగ్గర ఆగి, కిందికి చూస్తూ. "తుఫాను వస్తోందని పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. ఎవరైనా అడిగారా ఆ సంగతి? అడగలేదు."

ఓడీల్ చేతిలో పీత ఆగిపోయింది. నిజమే. ఆ వారం నోలన్ కూడా సముద్రంలోకి పోలేదు.

ఆ అబ్బాయికి ఇవేవీ పట్టలేదు. పైన గదులు చూశాడు. బీరువాలో బట్టలేవని అడిగితే, ఉతికి కింద ఆరేశానంది ఎర్లీన్. ఓడీల్ బట్టలు స్తంభాల మధ్య తాడు మీద ఆరుతూనే ఉన్నాయి. ఫొటోలోని మొహం, ఎదురుగా మొహం ఒకటే. అతను సంతృప్తిగా వేలితో టాబ్లెట్ మీద గుర్తు పెట్టుకున్నాడు. పోతూ పోతూ, మళ్ళీ చెప్పకుండా వస్తామని హెచ్చరించాడు.

కారు మలుపు తిరిగాక ఎర్లీన్ కింది మెట్టు మీద కూర్చుంది.

"ఇక నేను పైనే పడుకోవాలి," అంది ఎర్లీన్. "ఫొటో చూసిన రోజు నుంచీ... ఫొటో కాదు, ఆ సముద్రం చూసిన రోజు నుంచీ కింద నిద్ర పట్టట్లేదు వదినా. నీళ్ళు తలుపు కింద నుంచి వస్తున్నట్టే ఉంటుంది."

"నీ ఇంట్లో మంచం మెత్తగా ఉంటుందా?"

"గట్టిగా ఉంటుంది."

"అయితే పడుకుంటాను."

ఆ రాత్రి నుంచి ప్రభుత్వం రక్షించదలచిన ఓడీల్ నేలబారు ఇంట్లోనూ, రక్షణ వద్దని తలుపేసుకున్న ఎర్లీన్ గాలిలోనూ ఉన్నారు. ఊరంతటికీ తెలుసు. ఊళ్ళో ఒక్కడూ పథకం వాళ్ళకి చెప్పలేదు. ఓడీల్ ఎర్లీన్ వంటింట్లో అడుగుపెట్టిన మొదటి రోజే ఫ్రీజర్‌లోని సంచులన్నీ తీసి పిల్లులకి పెట్టింది. ఎర్లీన్ పైనుంచి చూసి తిట్టింది. పొద్దున్నే వరండాలోంచి బుట్టకి తాడు కట్టి కాఫీ ఫ్లాస్కు దించేది, ఓడీల్ రోడ్డు దాటొచ్చి అదే బుట్టలో అప్పుడే కాల్చిన బిస్కెట్ రొట్టెలు పంపేది. కాఫీ పల్చగా ఉందని ఒకరు, బిస్కెట్లు రాళ్ళలా ఉన్నాయని ఇంకొకరు ఊరు వినేలా చెప్పుకునేవాళ్ళు.

పై ఏడు ఆగస్టులో మళ్ళీ తుఫాను లేచింది. చిన్నదే అన్నారు టీవీలో. చాలామంది కదల్లేదు. పాయ నీళ్ళు వెనక్కి తన్ని రోడ్డెక్కాక నోలన్, అతని కుర్రాళ్ళు నలుగురూ ఓడీల్‌ని వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా ఎత్తారు. మెట్ల మీద వాన. మలుపు దగ్గర కుర్చీ కాలు కమ్మీకి తగులుకుంటే ఆమె అందర్నీ పేరు పేరునా తిట్టింది. అలా గృహప్రవేశం చేసింది తన సొంత ఇంట్లో.

ఈదురుగాలికి ఇల్లు ఊగింది గాని నిలబడింది. అంతసేపూ ఓడీల్ గదులన్నీ చేతికర్రతో పొడుస్తూ తిరిగింది. అల్మరాలు జిరాఫీలకి కట్టారంది. వంటింటి కిటికీ నుంచి వాకిలి కనిపించదంది. సింకు ముందు నిలబడితే మోచెయ్యి గోడకి కొట్టుకుంటుందంది.

"ఒక్కటైనా బాగుందా అత్తా?" అన్నాడు నోలన్.

"తలుపు గొళ్ళెం బాగుంది."

తెల్లవారి గాలి తగ్గాక ఎర్లీన్ ఆమెని వరండాలోకి నడిపించింది. కింద రోడ్డు లేదు. ఎర్లీన్ ఇల్లు కిటికీల దాకా గోధుమరంగు నీళ్ళలో ఉంది, నీలం పట్టా సగం చిరిగి వేలాడుతోంది. దక్షిణంగా బీడు ఉండాల్సిన చోట బూడిదరంగు నీళ్ళు ఆకాశం దాకా పరుచుకుని ఉన్నాయి. ఓడీల్ కమ్మీ పట్టుకుని చూసింది. క్లోవిస్ ఆ బీడు పక్కనుంచే పడవ తిప్పేవాడు.

"చెప్పానా?" అంది ఎర్లీన్ మెల్లగా.

"చెప్పావు."

ఎర్లీన్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. వదిన ఒప్పుకున్న మాటని ఎత్తిపొడుపుకి వాడుకోకపోవడం ఆమెకదే మొదటిసారి.

నీళ్ళు తీయగానే ఓడీల్ తనని దించమంది. కుర్రాళ్ళు వద్దన్నారు, ఇంకో రోజు ఆగమన్నారు. బురద ఎండితే నేల చెక్కల్ని వదలదని, అప్పుడు మళ్ళీ ఏ దశ కోసమో కూర్చోవాలని ఆమె కేకలేసింది. కుర్చీ మళ్ళీ మెట్లు దిగింది. ఎర్లీన్ గౌను పైకి దోపుకుని నీళ్ళ గొట్టం పట్టుకుంది. ఓడీల్ ఎర్లీన్ ఇంటి గుమ్మంలో కుర్చీ వేసుకుని చీపురుతో బురద బయటికి తోస్తూ, ఆ మూల వదిలేశావని, ఈ మూల వదిలేశావని మధ్యాహ్నం దాకా ఆడపడుచు మీద అరుస్తూనే ఉంది.