పురుగు బొక్క

"పురుగు బొక్క పాఠం చెప్పడానికి శామీర్‌పేట దాకా ఎందుకమ్మాయ్? ఈ వంకాయలు తరుగు, కావలసినన్ని కనబడతాయి," అంది మా అత్తగారు అమ్మాజీ, కత్తిపీట నా వైపు జరుపుతూ.

తప్పు నాదే. వార్మ్‌హోల్ అంటే ఏంటని ఆవిడ అడిగితే మా గుంటూరు తెలుగులో అలా చెప్పాను. ఆవిడ నవ్వితే నేనూ నవ్వేసి వంకాయలు ముందేసుకున్నాను. శామీర్‌పేటలో ఆడపిల్లల హాస్టలున్న జూనియర్ కాలేజీ వాళ్లకి ఫిజిక్స్ లెక్చరర్ కావాలట. ఆ రోజు నాది డెమో క్లాసు. క్లాసు నచ్చితే ఉద్యోగం, దాంతోపాటే కొన్ని రాత్రులు హాస్టల్ డ్యూటీ. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి మేడ్చల్ కాలనీలో కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టుకుంటున్నదాన్ని, నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎంత కావాలంటే, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనివ్వనంత. మా ఆయన మధుసూదన్ టిఫిన్ తింటూ, "డెమోయేగా మనో, సరదాగా వెళ్లిరా. రాకపోతే బాధపడకు," అన్నాడు. పరీక్ష రాయకముందే ఓదార్పు. పాపం, మంచివాడే. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల ముందు, "మా మనోరమ లేకపోతే ఈ ఇల్లు ఒక్క పూట నిలబడదండీ," అంటాడు. అన్నప్పుడల్లా నేను పొంగిపోయి వాళ్లకి ఇంకో కప్పు కాఫీ ఇస్తాను.

కూర దించి, చారు పోపు పెట్టి, ఇంగువ డబ్బా ఎక్కడుందో, మోటారు ఎప్పుడు ఆపాలో అత్తగారికి అప్పజెప్పి ఆటో ఎక్కేసరికి నాకే ఊపిరాడలేదు. చెప్పబోయే పాఠం ఆటోలోనే ఒకసారి మననం చేసుకున్నాను. అదీ సగమే, ఎందుకంటే మోటారు ఆపారా అని మధ్యలో ఫోన్ చేశాను.

క్లాసులో బోర్డు మీద వార్మ్‌హోల్ అని రాసి, "తెలుగులో చెప్పాలంటే పురుగు బొక్క," అన్నాను. పిల్లలు గొల్లుమన్నారు.

"పురుగుకు బొక్కలుంటయా మేడం?" అంది ముందు బెంచీలో శృతి అనే అమ్మాయి.

ఇక్కడ బొక్కంటే ఎముక. ఇన్నేళ్లుగా మేడ్చల్లో ఉంటూ, మటన్ కొట్టు దగ్గర ప్రతి ఆదివారం వినే మాట, సమయానికి గుర్తు రాలేదు. వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ దుర్గాబాయి గారు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఉద్యోగం గంగలో కలిసిందనుకున్నాను. ఇంట్లో అయితే ఈపాటికి సారీ చెప్పేసేదాన్ని.

"మరి మీరేమంటారు?" అని అడిగాను.

"పొక్క, మేడం. ఎలుక పొక్క, పాము పొక్క!"

"సరే. పురుగు పొక్క," అని బోర్డు మీద కూడా అలాగే రాశాను. ఈసారి నవ్వు వేరుగా ఉంది. నాకు భయం పోయింది.

శృతి చున్నీ అడిగి తీసుకున్నాను. ఈ కొస మన భూమి, ఆ కొస ఎక్కడో ఒక నక్షత్రం. చున్నీ మీద పాక్కుంటూ వెళ్లాలంటే వెలుగుకే వేల ఏళ్లు పడుతుంది. మడిచి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి, మధ్యలో పొక్క పెడితే ఒక్క అడుగు. సాపేక్ష సిద్ధాంతం లెక్కలు దీన్ని కాదనవు. కానీ ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఒకవేళ ఉన్నా, వెలుగు దాటేలోపే దాని గొంతు మూసుకుపోతుంది. మూసుకుపోకుండా ఉండాలంటే లోపల్నుంచి బయటికి నెట్టేదొకటి కావాలి. దాన్నే రుణాత్మక శక్తి అంటారు. ల్యాబుల్లో కొద్దిగా దాని జాడ దొరికింది గానీ, మనిషి దూరేంత దారిని తెరిచి ఉంచగలిగినంత ఎక్కడా లేదు.

శృతి చెయ్యెత్తింది. "అందరు జల్దీ అటు దాటిపోతరు, మంచిగనే ఉంది మేడం. మరి తెరిచి పట్టుకున్నది ఎప్పుడు దాటుతది?"

"అది దాటదమ్మా. అక్కడే ఉండాలి. కదిలితే దారి మూసుకుపోతుంది."

"అయ్యో, దానికెంత పరేషాన్ మేడం!"

ఆ మాటతో నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా ఆయన ఇస్త్రీ చొక్కాతో ఆఫీసుకి, అత్తగారు వేళకి మందులేసుకుని సత్సంగానికి, మా అమ్మాయి క్యారేజీతో కాలేజీకి, అందరూ ఒక్క అడుగులో దాటిపోతుంటారు. ఇంత దగ్గరి దారి ఎలా వచ్చిందని ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. నేను లేకపోతే ఇల్లు నిలబడదన్నది పొగడ్త అనుకుని ఇన్నాళ్లూ కాఫీలిచ్చాను. అది పొగడ్త కాదు, నన్ను కదలొద్దనడం. విశ్వమంతా వెతికినా దొరకని ఆ శక్తి మా ఇంట్లో మాత్రం ఊరికే దొరికింది! ఏడుపొస్తుందనుకున్నాను, నవ్వొచ్చింది. ఏళ్ల తరబడి నాకే ఓపిక చాలడం లేదేమోనని నన్ను నేను తిట్టుకున్నాను. మోస్తున్న పనే అంతటిదని, నా ఓపికలో లోపం లేదని తెలిశాక, గుండెల మీంచి బండ దించినట్టయింది. మిగిలిన పాఠం ఎలా చెప్పానో నాకే తెలియదు, గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

"పిల్లలకు మస్తు నచ్చిన్రు మేడం," అన్నారు దుర్గాబాయి గారు వరండాలో. "సోమవారం నుంచి రాండ్రి. రాత్రి డ్యూటీలు మాత్రం తప్పవు, ముందే చెప్తున్న. ఇంట్ల అడిగి చెప్తరా?"

అడిగి చెప్తాను. ఈ మాట నా నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చెల్లెలు నాలుగు రోజులుండి పొమ్మన్నా, స్నేహితురాలు సినిమాకి రమ్మన్నా, చీరల షాపువాడు ఇది మీకు బాగుంటుందన్నా నా జవాబు అదే. ఇప్పుడూ "అడి" అనేశాను. ఆవిడ సరేనన్నట్టు తలూపుతున్నారు.

"అడగక్కర్లేదండీ," అన్నాను. "చెప్పి వచ్చేస్తాను."