పాత డిస్కులో నీలమ్మ

సమాధుల పండుగ దగ్గర పడితే ఉప్పుగూడ రైలు పట్టాల వెనక ఉన్న సమాధుల తోట కళకళలాడుతుంది. జనం వస్తారు, గడ్డి పీకుతారు, సున్నం వేస్తారు. డానియేలు మేస్త్రీ అందరికంటే ముందే వెళ్తాడు. తన భార్య నీలమ్మ సమాధి మీద ఇంకొకరి చెయ్యి పడితే అతనికి గిట్టదు.

ఈసారి మోకాళ్ళ నొప్పులతో చాలా రోజులు ఇల్లు కదలలేకపోయాడు. కాస్త నడక రాగానే వెళ్ళాడు. వెళ్ళేసరికి నీలమ్మ లేదు.

వరుస అదే, పక్కన నీళ్ళ కుళాయి అదే. కాని అక్కడ కొత్త మట్టి కుప్ప ఉంది. దాని మీద వాడిన బంతిపూలు, ఒక కర్ర సిలువ. సిలువ మీద 'అమల' అని నల్లరంగుతో రాసి ఉంది. డానియేలు కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. రెండుసార్లూ అమలే.

ఆ తోటలో జాగా తక్కువ, పోయేవాళ్ళు ఎక్కువ. అందుకని సంఘం ఒక కట్టుబాటు పెట్టుకుంది. గడువు తీరిన సమాధిని ఇంటివాళ్ళు వచ్చి మళ్ళీ రాయించుకోవాలి. రాయించుకోకపోతే తవ్వి ఇంకొకరికి ఇస్తారు. రాయించుకుంటే, పెళ్ళాం గుంతలోనే మొగుణ్ణి పెడతారు. డానియేలుకు పిల్లల్లేరు. పోయాక నీలమ్మ దగ్గరికే చేరాలన్న ఆశ ఒక్కటే మిగిలింది. అందుకే వానాకాలంలోనే వెళ్ళి రాయించుకున్నాడు.

గుంతలు తవ్వే మొగులయ్య గోడ నీడన బీడీ కాలుస్తున్నాడు. డానియేలును చూసి బీడీ పారేశాడు.

"ఎవరు తవ్వమన్నరు?"

"వెస్లీ సారు ఫోన్ చేసిండన్నా. కుళాయి పక్కది గడువు తీరింది, తియ్యమన్నడు. నేను అడిగిన గూడ, గది మేస్త్రీ పెండ్లాంది గద సార్ అని. కంప్యూటర్ల లేదు, నీకెందుకు లొల్లి అన్నడు."

"నాకు చెప్పొద్దా?"

"నీ నంబరు నాతాన యాడిదన్నా? ఇన్నేండ్ల సంది వస్తున్నవ్, నాతోని పట్టుమని పది మాటలు మాట్లాడినవా?"

అది అబద్ధం కాదు. డానియేలు చేతిలో బకెట్టు కింద పెట్టాడు.

"ఆమెను ఏం చేసినవ్?"

మొగులయ్య మూలకు చెయ్యి చూపాడు. అక్కడ రేకుల కింద, ఎముకలు నింపిన సిమెంటు సంచులు మూతులు కట్టి పేర్చి ఉన్నాయి.

"ఏ సంచి?"

"అప్పుడు ఎరుకేనన్నా. తర్వాత ఇంకొన్ని వచ్చినయ్. మొన్న తుపాన్ వాన కొడితే అన్నీ ఇటు జరిపిన." గొంతు తగ్గించాడు. "ఇగ నాకు గూడ తెలుస్తలేదు."

జీవితమంతా అలాంటి సంచులు మోసినవాడు డానియేలు. వాటి వైపు ఎక్కువసేపు చూడలేకపోయాడు.

చర్చి ఆఫీసులో సెక్రటరీ వెస్లీ ఉన్నాడు. మూలన అద్దాల పెట్టెలో సంఘం లెక్కలన్నీ ఉండే సర్వర్, దాని మెడలో ఎండిపోయిన దండ. పాత డిస్కు నిండి కంప్యూటర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నాయని ఎండాకాలంలో పెద్ద డిస్కు వేయించి, పాస్టరుగారితో ప్రార్థన చేయించి ప్రతిష్ఠ చేశారు. ఆ డిస్కు వేసిన నగేష్ ఇప్పుడు ప్రింటరు విప్పుకుని కూర్చున్నాడు.

"వందనాలన్నా, కూసో."

"నీలమ్మ గుంత ఇంకొకరికి ఎట్ల ఇచ్చినవ్?"

వెస్లీ మీటలు నొక్కి చూశాడు. "గడువు తీరిందన్నా. నువ్వు మళ్ళ రాయించుకోలే."

"రాయించిన. నువ్వే కొట్టినవ్ దాంట్ల. బయట వాన. కరెంటు పోతదని గాబరా పడ్డవ్."

"కాయితం ఉందా?"

"కాయితాలు బంద్, అంతా సిస్టంల ఉంటది, ఫికర్ చెయ్యకు అన్నవ్ గద."

నగేష్ స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"చెప్పున్రి సార్. ఎన్ని రోజులు దాస్తరు?"

"నువ్వు నీ పని చూసుకో."

"నా పనే గద ఇది." నగేష్ డానియేలు వైపు తిరిగాడు. "మేస్త్రన్నా, పాత డిస్కుల ఉన్నది ఉన్నట్టు కొత్తదాంట్లకు దింపిన. రెండూ అచ్చం ఒక్కతీరుగ అయితయ్. దింపినంక పాతది పీకెయ్యాలె. పాస్టరయ్య వచ్చిండు, జల్ది జల్ది అని సారు నెత్తి మీద నిలవడ్డడు. పాతది లోపల్నే ఉండంగ స్విచ్చేసిన. మిషన్ పాతదాంతోనే లేచింది. మేమంతా కొత్తది నడుస్తుందనుకున్నం. మీరు రాయించుకున్నది గూడ పాతదాంట్లనే పడ్డది."

"అయితే పాతదాంట్ల చూడు."

"యాడ చూడాలె? వానలు పోయినంక పాతది పనికిరాదని తీసిన, మొత్తం తుడిచిన, అమ్మిన. కొత్తదాంట్ల ప్రతిష్ఠ రోజు దాకనే ఉన్నది. అదన్నా ముందు చూసుకోకపోతిని. తప్పు నాదే."

"ఆ నెలలవన్నీ పోయినయా?"

"కానుకలు మళ్ళ ఎక్కించినమన్నా," అన్నాడు వెస్లీ, అదేదో మంచికబురు అయినట్టు. "బ్యాంకుల ఉండె గద."

"సమాధులు?"

"చచ్చినోళ్ళు వచ్చి అడగరు గద," అన్నాడు నగేష్.

వెస్లీ ముఖం మాడిపోయింది. "ఎవరన్న వస్తే అప్పుడు ఎక్కిద్దామనుకున్న. ప్రతిష్ఠ చేసినంక అంతా పోయిందంటే పాస్టరయ్యకు ఎంత నామోషీ! నువ్వు రాయించుకున్న సంగతి నిజంగ యాదికి రాలే అన్నా. నువ్వేమో నోరు తెరిచే మనిషివి కాకపోతివి." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆ అమల పసిపిల్ల తల్లి. మళ్ళ తవ్వుమంటే చెప్పు, తవ్విస్త. ఆమె మొగనికి నువ్వే చెప్పు."

బరువు ఎంత తేలిగ్గా చేయి మారిందో డానియేలుకు అర్థమైంది. తవ్వమని అతను అనలేడు. అనలేడని వెస్లీకి తెలుసు.

"నీకు గేటు పక్క మంచి జాగా ఇస్త," అన్నాడు వెస్లీ, మీటలు నొక్కుతూ. "పైస లేదు. నీ పేరు ఇప్పుడే కొడుతున్న. ఇగో, ఎక్కింది."

"తీసెయ్."

"గేటు పక్కది మళ్ళ దొరకదన్నా."

"ఆమె ఉన్న మూలకే నన్ను గూడ పెట్టున్రి. గుంత వద్దు, సంచి చాలు."

"గట్ల ఎట్లయితది? పేరు యాడ ఎక్కియ్యాలె? ఆ మూల సిస్టంల లేనే లేదు."

"లేకుంటెనే మంచిగ," అన్నాడు డానియేలు. "మళ్ళ ఎవరికీ ఇయ్యరు."

మెట్లు దిగుతుంటే నగేష్ లేచి చెయ్యి పట్టుకోబోయాడు. డానియేలు ఆ చెయ్యి విడిపించుకుని, గోడ పట్టుకుని, ఒక్కడే దిగాడు.