అగాయ్ డెబ్భయ్యేళ్ల సంచిక

మార్చి 12, మంగళవారం ఉదయం 10.20కి అల్మాటీలోని ఒక భౌతికశాస్త్ర పత్రికను పరిశోధన పత్రికల అంతర్జాతీయ సూచీ నుంచి తొలగించినట్టు ఈమెయిల్ వచ్చింది. కార్యదర్శి కురాలాయ్ దాన్ని రెండుసార్లు చదివి, కెటిల్ స్విచ్ ఆపేసింది.

తొలగింపు డిసెంబరు సంచిక నుంచి వర్తిస్తుంది. అంతకుముందు అచ్చయిన వ్యాసాలు చెల్లుతాయి.

డిసెంబరు సంచికను సంపాదకుడు ఎసెన్‌బెక్‌కు డెబ్భయ్యేళ్లు నిండిన సందర్భంగా వేశారు. గురువు కాబట్టి అందరూ ఆయన్ని అగాయ్ అంటారు. పెద్దాయన వేడుకకు శిష్యులు వట్టి చేతులతో రారు. ఇరవై ఇద్దరు తలా ఒక వ్యాసం ఇచ్చారు. గత రెండేళ్లలో ఆ పత్రికలోనే అగాయ్ పేరుతో వచ్చిన తొమ్మిది వ్యాసాలనూ తమ వ్యాసాల చివరి ఆధారాల జాబితాలో అన్నిటికంటే ముందు పెట్టారు. కజాఖుల విందులో గుమ్మానికి ఎదురుగా ఉండే గౌరవస్థానం పెద్దవారిదే, ఇదీ అలాగే. పత్రిక వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పే ప్రభావాంకం 0.4 నుంచి 1.9కి పెరిగింది. సూచీ వాళ్లు దాన్ని కృత్రిమం అన్నారు.

ఆ ఇరవై ఇద్దరిలో తనంతట తాను అలా పెట్టనిది తోగ్జాన్ ఒక్కతే. ఆమె జాబితాలో ఆ తొమ్మిదీ కురాలాయ్ చేర్చింది.

పదకొండింటికి తోగ్జాన్ వచ్చింది. ఏప్రిల్ 9న ఆమె డాక్టరేట్ మౌఖిక పరీక్ష. సూచీలో ఉన్న పత్రికలో ఒక్క వ్యాసమైనా లేకపోతే డాక్టరేట్ మండలి ఆ పరీక్షకు రానివ్వదు. జూన్‌తో ఆమె చదువు గడువు ముగుస్తుంది.

"అక్కా, నా వ్యాసం సెప్టెంబరులోనే వేస్తానన్నావు గదా."

"అగాయ్ ఆఖరి శిష్యురాలివి. వేడుక సంచికలో నువ్వు లేకపోతే బాగోదని డిసెంబరు దాకా ఆపాను."

"నాది గని ఊళ్ల రేడాన్ వాయువు. ఆయనది ప్లాస్మా. ఆ తొమ్మిదీ నా దాంట్లోకి ఎలా వచ్చాయి?"

"నేనే రాశాను."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే వద్దంటావని."

అంతలో అగాయ్ తలుపు తీశారు. "ఏమిటర్రా, ఎవరన్నా పోయారా?"

కురాలాయ్ కంప్యూటర్ తెరను ఆయన వైపు తిప్పింది. ఆయన నిలబడే చదివారు.

"నూట తొంభై ఎనిమిదిసార్లా నా పేరు? మా ఆవిడ కూడా అన్నిసార్లు పిలవదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ పిల్ల వ్యాసం సెప్టెంబరు నాటికే మన దగ్గరుందని ఉత్తరం రాయి. సంతకం పెడతాను."

"అందిన తేదీ కాదండీ అగాయ్, అచ్చయిన తేదీ చూస్తారు."

"అయితే తప్పు నాదని రాయి."

"మీది కాదు," అంది కురాలాయ్.

ఆ మధ్యాహ్నం ఆమె సూచీ కార్యాలయానికి రాసింది. తోగ్జాన్ జాబితాలో తొమ్మిది ఆధారాలను ఆ అమ్మాయికి తెలియకుండా తానే చేర్చానని, ఆ ఒక్క వ్యాసాన్ని మినహాయించమని కోరింది. కింద తన పూర్తి పేరు, హోదా పెట్టింది.

వసంత పండగ నౌరుజ్ సెలవుల తర్వాత, మార్చి 28న జవాబు వచ్చింది. విడిగా ఒక వ్యాసాన్ని పరిశీలించరు. పత్రిక రెండేళ్ల తర్వాత మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

ఏప్రిల్ 9 ఉదయం మండలి తలుపుకి ఆ రోజు అభ్యర్థుల జాబితా అంటించారు. అందులో నాలుగు పేర్లున్నాయి. తోగ్జాన్ పేరు లేదు.