మూతెడు బ్రాందీ

గంగులప్ప తిథి నాడు ఆయన ఫోటో ముందు వేటకూర, వడలతో పాటు బ్రాందీ సీసా పెట్టడం నగరిలో ఆ ఇంటి ఆచారం. దండం పెట్టుకున్నాక తలా ఒక మూతెడు తాగాలి. కోడళ్లకూ తప్పదు. ఒక్కరు వద్దన్నా పెద్దాయన అర్ధాకలితో లేచిపోయినట్టే.

సాయంత్రం దీపం పెట్టినప్పటి నుంచీ పెద్దకోడలు నందినికి గుబులుగా ఉంది. కోరిక చచ్చిన ఆడవాళ్లకిచ్చే మాత్ర రాసిస్తూ తిరుపతి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: "ఇది వాడినన్నాళ్లూ బ్రాందీ, బీరు ఏదీ ముట్టొద్దమ్మా. రెండూ కలిస్తే బీపీ పడిపోయి స్పృహ తప్పుతావు."

రెండో కాన్పు తర్వాత ఆమెలో ఏదో అడుగంటిపోయింది. మునికుమార్ మీద ప్రేమ లేక కాదు. అతని చెయ్యి పడితే ఒళ్లు పరాయిదానిలా ఊరికే పడి ఉండేది. ఆమె వెతుక్కునేది మొగుణ్ణి కాదు, ఒకప్పుడు మొగుడి కోసం ఎదురుచూసిన తనను. మొన్న అతను మగ్గం మీద తెగిన పోగు ముడేస్తుంటే, మెడ మీద చెమట చూస్తూ నిలబడిపోయింది. అంతే. ఆ కాస్తా ఎన్నేళ్లకు! ఇప్పుడు ఒక్క రాత్రి కూడా మాత్ర మానబుద్ధి కాలేదు.

"ఏం వదినా, మా నాయన మీద అలకా? పట్టు!" మరిది నాగరాజు మూత చేతికిచ్చి, వడల కోసం అటు తిరిగాడు.

ఎదుటి గోడ దగ్గర మునికుమార్ పెదాలు మాత్రం కదిపాడు. మరమగ్గాల హోరులో బతికేవాళ్లకు గొంతుతో పనిలేదు.

"తాగొద్దు. ఆశ పుట్టే మాత్ర మింగతా ఉండావు."

నందిని చప్పున అత్త వైపు చూసింది. అతని తల్లి చౌడేశ్వరమ్మా కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ హోరులోనే బతికిందని అతనికి తోచనే లేదు.

అత్త ఆ పెదాలు చూసింది. లేచి వచ్చి మూత లాక్కుంది.

"దీనికి ఆ కంపు పడదులేరా. మీ నాయన తాగి నన్ను ఏడిపించినదానికి, దీని వంతు గూడా నేనే తాగతా!"

"అబ్బా, అమ్మ ఈ పొద్దు జోరు మీదుండాదే!" నాగరాజు నవ్వాడు.

గటుక్కున మింగి, చౌడేశ్వరమ్మ కోడలి పక్కన కూలబడింది. చప్పుడు లేకుండా పెదాలు కదిపింది.

"పని చేస్తా ఉండాదా?"

"కొంచెం."

అత్త ఆమె మొహంలోకే చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఎగతాళీ లేదు.

"ఎట్లుంటాది, ఆ ఆశ?" అని అడిగింది.

నందిని ఇంకా దగ్గరికి జరిగింది. అత్త చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.