పైనున్న చుక్క

ఈమధ్య పరిశోధనలన్నీ అటే పోతున్నాయి: వస్తువు అమ్మొద్దు, దాని పని అమ్మండి. ఇంటికో వాషింగ్ మెషీన్ దేనికి? భవనమంతటికీ ఒకటి పెట్టి, ఉతికినంతకే డబ్బు తీసుకుంటే జనం ఆచితూచి ఉతుకుతారు, నీళ్లు మిగులుతాయి. మన పరిశోధకురాలి డాక్టరేటంతా ఈ మాట మీదే నిలబడింది. తాను పిన్నితో ఉండే భవనంలోనే మెట్ల కింద గదిలో మెషీన్ పెట్టించి, ఇంటికో కార్డు పంచి, పక్కనే లాప్‌టాప్‌తో కూర్చుంది.

గ్రాఫులో కార్డుకో చుక్క; సగటున ఎంత ఎక్కువ ఉతికితే అంత పైకి. అన్నీ బుద్ధిగా అడుగున ఉంటే ఒక్కటి మాత్రం నెత్తికెక్కి కూర్చుంది. అది పై అంతస్తు పళ్ల డాక్టరుది. ఉండేది ఒక్కడే. ఒకే పసుపు చొక్కా పట్టుకుని పొద్దునా సాయంత్రం దిగుతాడు.

"ఉతికి ఉతికి ఆ చొక్కా దోమతెర అయిపోయిందే," అంది పిన్ని. "నీకోసమే దిగుతున్నాడే మొద్దూ!"

"నువ్వూరుకో పిన్నీ!" అంది గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

గైడు మేడం ఫోన్లో కేకలేశారు. "ఆ చుక్క సంగతేంటో తేల్చు. లేకపోతే నీ థీసిస్ గల్లంతే!"

సాయంత్రం అతను రాగానే నిలదీసింది. "ఏవండీ, ఉతికిన చొక్కానే మళ్లీ ఎందుకు ఉతుకుతారు? నా గ్రాఫు నాశనమైపోతోంది!"

ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ తెరిపించే మనిషి తన నోరు పెగలక నీళ్లు నమిలాడు. "మీరు ఇక్కడ కూర్చుంటారు కదండీ," అన్నాడు చివరికి. "సారీ. ఇక రాను."

అన్నంత పనీ చేశాడు. రోజురోజుకీ చుక్క కిందికి జారింది. మేడం శభాష్ అన్నారు. థీసిస్ గట్టెక్కుతోంది, ఈమెకేమో ఏడుపొస్తోంది.

ఇక ఆగలేకపోయింది. ఇస్త్రీ మడతైనా విప్పని స్కార్ఫు తెచ్చి మెషీన్‌లో పడేసి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి అతని తలుపు బాదింది.

"ఏవండీ, మెషీన్‌లో ఒక్క స్కార్ఫే ఉంది. దానికోసం అన్ని నీళ్లు దండగ కదా! మీ చొక్కా ఇస్తే కలిపి వేసేద్దాం."

చొక్కా వెతకడానికి అతనికి చాలాసేపు పట్టింది. అది ఒంటిమీదే ఉంది.

వారం తిరక్కుండా మేడం ఫోన్ చేశారు. "ఏంటమ్మా ఇది? మీ ఇంటికీ, ఆ పై చుక్కకీ కలిపి ఒకే కార్డు వాడుతున్నారేం?"

"పరిశోధనలన్నీ అటే పోతున్నాయి మేడం, ఇంటికో కార్డు దేనికి?" అంది నవ్వాపుకోలేక.